ఉప్పు కలిపిన ఖీమాకే ముందుగా ముక్కిన వాసన ఎందుకు?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. పని రోజుల్లో వంటకు తీరిక ఉండదు కాబట్టి సెలవు రోజున మాంసం తెచ్చి, ఇంట్లోనే యంత్రంలో ఆడించి ఖీమా చేస్తాను. సగం ఖీమాను ఏమీ కలపకుండా డబ్బాలో పెడతాను. మిగతా సగంలో ఉప్పు కలిపి, కట్లెట్లుగా ఒత్తి ఫ్రిజ్‌లో ఉంచుతాను. రెండో రోజు సాయంత్రానికి ఉప్పు కలిపినవి గోధుమ రంగుకు మారి, పాత నూనె వాసన కొడుతున్నాయి. అదే మాంసం, అదే ఫ్రిజ్, కానీ ఉప్పు లేని సగం బాగానే ఉంటోంది. ఉప్పు వేస్తే నిలవ ఉంటుందని కదా అందరూ చెబుతారు! నా చేతులు తడిగా ఉండి ఉంటాయని మా అత్తగారు అంటున్నారు. మాంసమే మంచిది కాదని మావారు అంటున్నారు. ఇప్పటికి మూడుసార్లు పారేశాను. ఇది నిజంగా ఉప్పు వల్లే జరుగుతోందా? తక్కువ సోడియం ఉప్పు వాడితే ఫలితం ఉంటుందా? సాసేజ్‌లు చేసేవాళ్లు ఏవో పొడులు కలుపుతారట, అవి వాడవచ్చా? ఒకసారి వాసనను పట్టించుకోకుండా వండుకుని తినేశాం, ప్రమాదం ఏమైనా ఉందా?

సమాధానం: అమ్మా, మీ చేతుల్లో తప్పు లేదు, మాంసంలోనూ లోపం లేదు. అది ఉప్పు చేసిన పనే. ఒకే మాంసాన్ని రెండుగా చేసి, ఒకదానిలోనే ఉప్పు వేసి, రెండింటినీ ఒకే ఫ్రిజ్‌లో పెట్టి తేడా గమనించారు. ప్రయోగశాలల్లో చేసేదీ ఇదే. మీకు తెలియకుండానే చక్కని ప్రయోగం చేశారు, ఫలితం కూడా సరిగ్గానే వచ్చింది. మాంసం మంచిది కాకపోతే రెండు సగాలూ ఒకేలా చెడిపోయేవి కదా.

ఉప్పు నిలవ ఉంచుతుందన్న మాట అబద్ధం కాదు. అయితే ఆ మాట పుట్టింది కుళ్లడం గురించి. మీ కట్లెట్లకు పట్టింది కుళ్లు కాదు, ముక్కడం. రెండూ పాడవడమే అయినా దారులు వేరు. కుళ్లడం సూక్ష్మజీవుల వల్ల జరుగుతుంది. పుల్లని వాసనో కంపో వస్తుంది, చేతికి జిగురు తగులుతుంది. ముక్కిపోవడానికి సూక్ష్మజీవులతో పని లేదు. కొవ్వుకు గాలిలోని ఆక్సిజన్ తగిలి, అందులోని అణువులు విరిగి, పాత నూనె వాసన, తడిసి ఆరిన అట్టముక్క వాసన, ఒక్కోసారి రంగుల డబ్బా తెరిచినప్పటి వాసన వస్తాయి. మీరు ‘పాత నూనె’ అని రాసిన ఒక్క ముక్కతోనే సంగతి తెలిసిపోయింది.

ఉప్పు సూక్ష్మజీవులను ఎలా ఆపుతుందో చూస్తే, మీ కట్లెట్లలో అది ఎందుకు ఆపలేకపోయిందో అర్థమవుతుంది. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది, వాటికి అందనివ్వదు. ఒక పదార్థంలో సూక్ష్మజీవులకు దొరికే నీటిని కొలవడానికి ‘నీటి క్రియాశీలత’ అనే కొలమానం ఉంది. స్వచ్ఛమైన నీటికి అది 1. తాజా మాంసానికి దాదాపు 0.99. వంటకు సరిపడా ఉప్పు, అంటే బరువులో 1.5 నుంచి 2 శాతం కలిపితే అది దిగేది 0.98 దగ్గరికి మాత్రమే. కరగగలిగినంత ఉప్పు కరిగిన నీటిలో అది 0.75. ఉప్పు దట్టించి ఎండబెట్టిన మాంసం నెలల తరబడి నిలుస్తుందంటే నీటి క్రియాశీలత అంత కిందికి దిగడం వల్లే. స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా 0.86 వరకూ పెరగగలదు. లిస్టీరియా 10 శాతం ఉప్పులో కూడా బతికి పెరగగలదు, ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరగగలదు. కాబట్టి మన నాలుకకు రుచించేంత ఉప్పు కొన్ని బాక్టీరియాల వేగాన్ని కాస్త తగ్గిస్తుంది తప్ప, మాంసాన్ని కాపాడే స్థాయికి దరిదాపుల్లోకి కూడా రాదు. కొవ్వును ముక్కబెట్టడానికి మాత్రం ఆ కాస్త ఉప్పే చాలు. మీ ఇబ్బందంతా ఇక్కడే ఉంది.

ఇప్పుడు కొవ్వు సంగతి. మాంసం ముక్కగా ఉన్నప్పుడు దాని కణాలు దాదాపు చెక్కుచెదరకుండా ఉంటాయి. గాలి తగిలేది పైభాగానికే. యంత్రంలో ఆడించగానే కణాలు చితుకుతాయి, వాటి పొరలు చిరుగుతాయి, గాలి లోపలిదాకా కలిసిపోతుంది. లోపల విడివిడి అరల్లో ఉండాల్సినవన్నీ ఒకదానికొకటి తగులుతాయి. చాలామంది ఖీమాలో కంటికి కనిపించే తెల్లని కొవ్వే ముక్కుతుందని అనుకుంటారు. మొదట ముక్కేది అది కాదు. కణాల పొరల్లో ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు పదార్థాలు ఉంటాయి. కండరంలో అవి ఒక శాతం లోపే ఉంటాయి, కంటికి కనిపించవు. కానీ వాటిలోని కొవ్వు ఆమ్లాల్లో ద్విబంధాలు, అంటే రెండు కార్బన్ పరమాణువుల మధ్య ఉండే జంట బంధాలు, ఎక్కువ, ఆక్సిజన్ దాడి చేసేది ఆ ద్విబంధాల పక్కనే. ఒకే ద్విబంధం ఉన్న ఓలియిక్ ఆమ్లం కంటే రెండు ఉన్న లినోలియిక్ ఆమ్లం పది రెట్లు, అంతకంటే కూడా వేగంగా ఆక్సీకరణం చెందుతుంది. మూడు, నాలుగు ద్విబంధాలు ఉంటే ఇంకా వేగం. అందుకే కొవ్వు తీసేసిన ఖీమా కూడా ముక్కుతుంది. ‘కొవ్వు లేని మాంసమే కదా, ఏమీ కాదు’ అనే ధైర్యం పనికిరాదు.

ఈ ఆక్సీకరణం మొదలైందంటే గొలుసులా సాగుతుంది. ఒక కొవ్వు అణువు ఆక్సిజన్‌ను పట్టుకుని పక్కదాన్ని కదిలిస్తుంది, అది దాని పక్కదాన్ని. మొదట్లో పుట్టే పదార్థాలు హైడ్రోపెరాక్సైడ్లు. వీటికి వాసన ఉండదు. తర్వాత ఇవి విరిగినప్పుడు హెక్సనాల్ వంటి ఆల్డిహైడ్లు పుడతాయి. అవి అతి స్వల్పంగా ఉన్నా ముక్కు పసిగట్టేస్తుంది. మీరు రాసిన ‘రెండో రోజు సాయంత్రం’ వెనక ఉన్నది ఇదే. మొదటి రోజు రాత్రి డబ్బా మూత తీసి చూస్తే అంతా బాగున్నట్టే అనిపించి ఉంటుంది. వాసన లేని దశ అప్పటికే లోపల నడుస్తోంది.

హైడ్రోపెరాక్సైడ్లను విరిచి గొలుసును ఉరకలెత్తించేది ఇనుము. మాంసం ఎర్రగా ఉండడానికి కారణమైన మయోగ్లోబిన్‌లో ఇనుము ఉంటుంది. ఫెర్రిటిన్ అనే ప్రోటీన్ తన గూటిలో కొంత ఇనుమును దాచి ఉంచుతుంది. ఇవి కాక, ఇతర ప్రోటీన్లను వదులుగా అంటిపెట్టుకుని ఉండే ఇనుము కొద్దిగా ఉంటుంది. కొలతలో కొద్దే అయినా కొవ్వుకు ప్రమాదం ఎక్కువగా దీనితోనే. ఉప్పు పడగానే సోడియం, క్లోరైడ్ అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) ప్రోటీన్ల మీద ఇనుము కూర్చున్న చోట్లలో చేరి దాన్ని కదిలిస్తాయి. కదిలిన ఇనుము నీటిలోకి వచ్చి, చిరిగిన పొరల దగ్గరికి చేరి కొవ్వును ముట్టుకుంటుంది. ఈ వివరణకు మంచి సాక్ష్యం కూడా ఉంది. లోహాలను గట్టిగా పట్టేసుకునే ఈడీటీఏ అనే పదార్థాన్ని ఉప్పు కలిపిన ఖీమాకు చేరిస్తే ఉప్పు చేసే హాని చాలావరకు ఆగిపోతుంది. ఇనుమును కట్టేస్తే ఉప్పు చేతులు కూడా కట్టేసినట్టే.

ఉప్పు అంతటితో ఊరుకోదు. గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్, కెటలేజ్ వంటి ఎంజైములు మాంసంలో ఇంకా కొంత పనిచేస్తూనే ఉంటాయి. పెరాక్సైడ్లను ఎప్పటికప్పుడు శుభ్రం చేయడం వాటి పని. ఉప్పు వాటి పనితీరును తగ్గిస్తుంది. మయోగ్లోబిన్ కూడా ఉప్పు వల్ల త్వరగా ఆక్సీకరణం చెంది, మెట్‌మయోగ్లోబిన్ అనే గోధుమ రంగు రూపంలోకి మారుతుంది. మీరు చూసిన రంగు మార్పు ఇదే. అది పెరాక్సైడ్లతో కలిస్తే కొవ్వును ఇంకా రెచ్చగొడుతుంది. శుద్ధి సరిగా చేయని ఉప్పులో ఇనుము, రాగి లేశమాత్రంగా ఉంటే ఆ మేరకు హాని పెరుగుతుంది. అలాగని బాగా శుద్ధి చేసిన ఉప్పు వాడితే సరిపోతుందని అనుకోకండి. అసలు కారణం సోడియం క్లోరైడే.

రంగు మీద ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీని వల్ల మంచి ఖీమా కూడా చెత్తబుట్టలోకి వెళ్తుంటుంది. ఖీమా ముద్ద పైన ఎర్రగా ఉండి, విరిచి చూస్తే లోపల ఊదారంగులోనో బూడిదరంగులోనో ఉండవచ్చు. లోపలికి ఆక్సిజన్ సరిగా అందక అలా ఉంటుంది. అంతమాత్రాన అది చెడిపోయినట్టు కాదు. గోధుమ రంగు కూడా ఒంటరిగా నేరానికి రుజువు కాదు. గోధుమ రంగుతో పాటు పాత నూనె వాసన కూడా వచ్చిందా, అప్పుడు ముక్కినట్టే.

చదువుకునే రోజుల్లో ఈ తేడాను నేను కళ్లారా చూశాను. ముక్కిపోయిన స్థాయిని కొలవడానికి థయోబార్బిట్యూరిక్ ఆమ్లంతో చేసే పరీక్ష ఒకటి ఉంది. కొవ్వు విరిగినప్పుడు పుట్టే మాలోన్‌డైఆల్డిహైడ్ ఆ ఆమ్లంతో కలిసి గులాబీరంగు ఇస్తుంది. ఆ రంగు గాఢతను 532 నానోమీటర్ల కాంతి దగ్గర కొలుస్తారు. ఒకే కండ నుంచి తీసిన ఖీమా. కొంత ఉప్పు లేకుండా, కొంత 2 శాతం ఉప్పుతో, 4 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచాం. మరిగే నీటిలోంచి గాజు గొట్టాలు పైకి తీసి స్టాండులో వరసగా పెట్టాను. ఉప్పు లేనివి కడిగిన బియ్యపు నీళ్లలో ఒక చుక్క గులాబీరంగు వేసినట్టున్నాయి. ఉప్పువి చిక్కని గులాబీలో ఉన్నాయి. పక్కనే నిలబడ్డ తోటి విద్యార్థి ‘వీటిలో రంగు ఎవరు కలిపారు?’ అని అడిగాడు. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా నాటుకోని సంగతి ఆ స్టాండు చూడగానే మనసుకు పట్టింది. ఆనాటి నుంచి పచ్చి ఖీమాలో ముందుగా ఉప్పు వేయడానికి నా చెయ్యి రాదు.

ఏ మాంసం త్వరగా ముక్కుతుందని మీరు అడగలేదు కానీ, తెలుసుకోవడం మంచిది. చేపలో, కోడిలో కొవ్వు ఎక్కువగా అసంతృప్తం, అంటే ద్విబంధాలు ఎక్కువ. పంది మాంసం ఆ తర్వాత వస్తుంది. గొడ్డు, గొర్రె మాంసాల్లో సంతృప్త కొవ్వు ఎక్కువ, కానీ బాగా ఎర్రగా ఉండే ఈ మాంసాల్లో ఇనుము కూడా ఎక్కువే. కోడిలో రొమ్ము కంటే తొడ మాంసం త్వరగా ముక్కుతుంది, దానిలో కొవ్వూ ఎక్కువ, ఇనుమూ ఎక్కువ. కాబట్టి ‘ఈ మాంసానికి ఉప్పు ముందు కలిపినా పర్వాలేదు’ అని చెప్పగలిగిన మాంసం నాకు కనిపించలేదు.

తక్కువ సోడియం ఉప్పు గురించి అడిగారు. అందులో కొంత సోడియం క్లోరైడ్‌కు బదులు పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. క్లోరైడ్ ఎక్కడికీ పోలేదు, అయాన్లూ పెద్దగా తగ్గలేదు. పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం క్లోరైడ్‌లతో ఖీమా మీద ఎన్నో ప్రయోగాలు జరిగాయి. కొన్నింటిలో ముక్కడం కాస్త తగ్గింది, కొన్నింటిలో తేడా కనబడలేదు, కొన్నింటిలో ఇంకా పెరిగింది. ఇంత అటూ ఇటూగా ఉన్నదాన్ని నమ్ముకుని మీ మాంసాన్ని పణంగా పెట్టమని నేను చెప్పలేను. పైగా పొటాషియం క్లోరైడ్ నాలుక చివర చేదు మిగులుస్తుంది. రక్తపోటు కోసం సోడియం తగ్గించుకోవాలంటే అది వేరే విషయం, దానికి ఈ ఉప్పు పనికొస్తుంది. అయితే ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఉన్నా, పొటాషియం పెంచే మందులు వాడేవాళ్లు ఉన్నా వైద్యుణ్ని అడగకుండా ఈ ఉప్పు వంటింట్లోకి తేవద్దు.

ఇక సాసేజ్‌లు చేసేవాళ్లు కలిపే పొడులు. వాటిలో ముఖ్యమైనవి రెండు రకాలు, రెండింటి మీదా నా అభిప్రాయం ఒకటి కాదు. మొదటివి ఫాస్ఫేట్లు. రసాయనం లెక్కన ఇవీ లవణాలే. కానీ పని మాత్రం మన ఉప్పుకు సరిగ్గా తలకిందులు. సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ వంటివి ఇనుమును పట్టేసుకుని కదలకుండా చేస్తాయి, కాబట్టి ముక్కడం తగ్గుతుంది. పరిశ్రమల్లో వీటిని సాధారణంగా అర శాతానికి మించకుండా వాడతారు. వండి ఫ్రిజ్‌లో పెట్టిన మాంసానికి మర్నాటికల్లా పట్టే నిలవ వాసనను వివరిస్తూ, ఫాస్ఫేట్లు దాన్ని ఆపగలవని టిమ్స్, వాట్స్ అనే శాస్త్రవేత్తలు 1958లోనే రాశారు. పచ్చి ఖీమాలో ఫాస్ఫేట్ల బలం అంతకంటే తక్కువ. పచ్చి మాంసంలో ఉండే ఫాస్ఫటేజ్ ఎంజైములు వాటిని రోజుల్లోనే చిన్న ముక్కలుగా కోసేస్తాయి, ఆ ముక్కలకు ఇనుమును పట్టే శక్తి ఉండదు. ఇంటి వంటకు ఇవి అవసరం లేదని నా ఉద్దేశం. అర కిలో ఖీమాకు రెండు గ్రాముల పొడిని తూచి కలపడం కన్నా, ఉప్పును కొన్ని గంటలు ఆలస్యంగా వేయడం తేలిక.

రెండోవి నైట్రైట్ కలిసిన ఉప్పులు. వీటిని మాత్రం దయచేసి ఇంటికి తేవద్దు. నైట్రైట్ మయోగ్లోబిన్‌లోని ఇనుమును బంధించి ముక్కడాన్ని చాలా బాగా ఆపుతుంది, నిజమే. కొన్ని నిలవ మాంసాలు వండాక కూడా గులాబీరంగులో ఉండి, రోజులు గడిచినా నిలవ వాసన రాకపోవడానికి కారణం అదే. కానీ అక్కడ దాన్ని కిలో మాంసానికి 150 మిల్లీగ్రాముల స్థాయిలో, లెక్క తప్పకుండా వాడతారు. చెంచా తేడా వస్తే రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితి వస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలకు ముప్పు మరీ ఎక్కువ. మామూలు ఉప్పు డబ్బా పక్కన అలాంటి పొడి ఉండడమే ప్రమాదం. కట్లెట్ల కోసం అంత సాహసం అక్కర్లేదు.

మరి చేయాల్సింది ఏమిటి? ఉప్పును మానేయడం కాదు, వేసే వేళను మార్చడం. కట్లెట్లకు కావలసిన మిగతావన్నీ ముందు రోజే కలుపుకోండి, ఉప్పును మాత్రం పెనం వేడెక్కే ముందు కలపండి. ఇందులో ఒక చిన్న చిక్కు ఉందని నాకు తెలుసు. ఉప్పు కండరంలోని మయోసిన్ అనే ప్రోటీన్‌ను బయటికి లాగుతుంది, అది జిగురులా పనిచేసి ముద్దను కలిపి ఉంచుతుంది. ఉప్పు లేని ఖీమా ఒత్తితే విడిపోతున్నట్టు అనిపిస్తుంది. అందుకే మీరు ముందు రోజే ఉప్పు కలుపుతున్నారేమో అని నా అనుమానం. ఆ జిగురు రావడానికి రాత్రంతా అక్కర్లేదు. వండడానికి అరగంట ముందు చల్లని ఖీమాలో ఉప్పు వేసి, రెండు మూడు నిమిషాలు గట్టిగా పిసికి మళ్లీ ఫ్రిజ్‌లో పెడితే చాలు. వేళ్లకు అంటుకుంటూ సాగడం మొదలైందంటే మయోసిన్ బయటికొచ్చినట్టే. కట్లెట్ గట్టిగా, సాగుతున్నట్టు కాకుండా మెత్తగా ఉండాలంటే ఒత్తాక పైన మాత్రమే ఉప్పు చల్లి వెంటనే పెనం మీద వేయండి. నాకైతే ఈ రెండో పద్ధతే ఇష్టం.

పుల్లని పదార్థాలకూ ఇదే నియమం. నిమ్మరసమో వెనిగరో ముందుగా కలిపితే మయోగ్లోబిన్ త్వరగా గోధుమ రంగుకు మారుతుంది, ఆక్సీకరణం వేగం అందుకుంటుంది. వాటినీ చివరికే ఉంచండి. లవంగం, రోజ్‌మేరీ ముందు రోజే కలిపినా మంచిదే. లవంగంలోని యూజెనాల్, రోజ్‌మేరీలోని కార్నోసిక్ ఆమ్లం ఆక్సీకరణ గొలుసును మధ్యలో తెంపుతాయి. అయితే లవంగం పొడి చిటికెడు మించితే కట్లెట్‌లో ఇంకేమీ రుచించదు.

వీలైతే ఇంకో మార్పు చేయండి. సెలవు రోజున మాంసాన్ని ముక్కలుగానే ఉంచి, వండే రోజున ఆడించండి. ఆడించే ముందు ముక్కలను, యంత్రం భాగాలను అరగంట ఫ్రీజర్‌లో పెడితే కొవ్వు నలగకుండా తెగుతుంది. బ్లేడు మీద ఎక్కడైనా తుప్పు ఉంటే అది ఇనుమును నేరుగా మాంసంలోకి చేరుస్తుంది, దాన్ని మార్చేయండి. ఖీమాను సగం ఖాళీగా ఉన్న డబ్బాలో పెట్టవద్దు. సంచిలో వేసి, చేత్తో పలుచగా ఒత్తి, గాలంతా బయటికి తీసి మూతి కట్టండి. పలుచగా ఉంటే త్వరగా చల్లబడుతుంది కూడా. ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో, 4 డిగ్రీలు దాటని చోట ఉంచండి.

ఇన్ని చెప్పినా, పచ్చి ఖీమా ఉప్పు లేకుండా ఉన్నా ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచకూడదు. ముక్కిన వాసన రాలేదు కదా అని మూడో రోజుకు జరపవద్దు. జబ్బు చేసే బాక్టీరియాలకు చాలాసార్లు వాసనే ఉండదు. ఉప్పు లేని సగం ‘బాగానే ఉంటోంది’ అని రాశారు, అది కొవ్వు సంగతి మాత్రమే. వండేటప్పుడు కట్లెట్ మధ్యలో వేడి 71 డిగ్రీలు, కోడి ఖీమా అయితే 74 డిగ్రీలు చేరాలి. ముక్కగా ఉన్న మాంసంలో బాక్టీరియా చాలావరకు పైభాగంలోనే ఉంటుంది, ఖీమాలో అది లోపలిదాకా కలిసిపోతుంది. అందుకే మధ్యలో పచ్చిగా ఉంచే వీలు లేదు.

మీ అత్తగారిని, మీవారిని మాటలతో ఒప్పించడం కష్టమనిపిస్తే చిన్న పరీక్ష చేసి చూపండి. 300 గ్రాముల ఖీమాను మూడు గిన్నెల్లో వంద చొప్పున వేయండి. ఒకదానిలో గ్రామున్నర, అంటే పావు చెంచా ఉప్పు ఇప్పుడే కలపండి. మిగతా రెండింటిలో ఏమీ వద్దు. మూడింటికీ ఒకేలా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఒకే అరలో ఉంచండి. ఆ రాత్రి మూత తీసి అంచుల రంగు చూడండి, ఉప్పు గిన్నె ఎక్కడుందో అడగకుండానే తెలిసే అవకాశం ఎక్కువ. మర్నాటి సాయంత్రం, ఇరవై నాలుగు గంటలు దాటాక, రెండో గిన్నెలో అంతే ఉప్పు కలిపి వెంటనే వేయించండి. మొదటిదాన్ని ఉన్నదున్నట్టుగా, మూడోదాన్ని ఉప్పు లేకుండానే వేయించండి. వేడివేడిగా మూడు చిన్న పళ్లాల్లో పెట్టి, ఏది ఏదో చెప్పకుండా ముందు వాసన చూడమనండి, తర్వాత రుచి. వేడి మీద ఆల్డిహైడ్లు పైకి లేస్తాయి కాబట్టి తేడా బాగా తెలుస్తుంది. ఉప్పు వేసిన రెండింటి మధ్య తేడానే అసలు విషయం. ఉప్పు మోతాదు ఒకటే, వేసిన సమయమే వేరు.

ఫ్రీజర్‌లో పెడితే ఈ బాధ ఉండదు కదా అని మీకు తోచవచ్చు. కొంతవరకే. నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పు మంచులోకి వెళ్లదు, గడ్డకట్టకుండా మిగిలిన కాస్త నీటిలో చిక్కబడుతుంది. చలికి చర్య నెమ్మదించినా, ఆ చిక్కని ఉప్పునీరు కొవ్వు పక్కనే ఉంటుంది. ఉప్పు లేని ఖీమా మైనస్ 18 డిగ్రీల దగ్గర మూడు నాలుగు నెలలు రుచి నిలుపుకుంటుంది. ఉప్పు కలిపింది అంతకాలం ఆగదు. అందుకే ఫ్రీజర్‌కు వెళ్లే కట్లెట్లను ఉప్పు లేకుండా ఒత్తి, మధ్యమధ్యలో కాగితం పెట్టి, సంచి మీద ‘ఉప్పు వేయలేదు’ అని రాసి పెట్టుకోండి. ఆ రెండు మాటలు రాయకపోతే ఏదో ఒక రోజు చప్పటి కట్లెట్లు తినాల్సి వస్తుంది, లేదా రెండుసార్లు ఉప్పు పడుతుంది.

ఇక మీ భయం గురించి. ఒకసారి ముక్కిన ఖీమా వండుకుని తిన్నంత మాత్రాన విషం తిన్నట్టు కాదు. మీరు తిన్నది బాగా ఉడికి ఉంటే, తర్వాత రెండు మూడు రోజుల్లో ఎవరికీ వాంతులు, విరేచనాలు రాకుండా ఉంటే బెంగ పెట్టుకోకండి. అలాగని అలవాటు చేసుకోవద్దు. ఆక్సీకరణం చెందిన కొవ్వుల నుంచి వచ్చే కొన్ని పదార్థాలు ఒంటికి మంచివి కావు, ఖీమాలోని ‘ఇ’ విటమిన్ కూడా అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. మసాలా ఎక్కువ వేసి వాసనను కప్పిపుచ్చే ప్రయత్నం చేయకండి. వాసన వచ్చిందంటే పారేయడమే. మూడుసార్లు పారేసినందుకు మీ మనసు ఎంత చివుక్కుమని ఉంటుందో నేను ఊహించగలను, కానీ మూడుసార్లూ మీరు సరైన పనే చేశారు.

పచ్చివి నిలవ పెట్టడం కంటే వండి పెట్టుకోవడమే మేలా అని తర్వాతి ఉత్తరంలో అడుగుతారేమో, ఇప్పుడే చెప్పేస్తాను. వండిన ఖీమా సురక్షితంగా నిలిచే రోజులు ఎక్కువ, ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు. కానీ రుచి విషయంలో పచ్చి దానికంటే ఇది ఇంకా సున్నితం. వేడి తగలగానే మయోగ్లోబిన్ విచ్చిపోయి ఇనుము విడుదలవుతుంది, కాపాడే ఎంజైములు చచ్చిపోతాయి. మర్నాడు మళ్లీ వేడిచేస్తే వచ్చే ఆ అట్టముక్క వాసనే టిమ్స్, వాట్స్ రాసింది. ఉప్పు దీన్ని కూడా పెంచుతుంది, కానీ వండిన దానికి ఉప్పు తప్పదు. కాబట్టి గాలిని అడ్డుకోండి. పొడిగా వేయించి పెట్టేకంటే ఖీమా మునిగేంత చిక్కని పులుసులో ఉంచితే ఆక్సిజన్ అందడం తగ్గుతుంది. వండిన రెండు గంటల్లోపు చిన్న డబ్బాల్లో, అంచుదాకా నింపి, ఫ్రిజ్‌లోకి చేర్చండి. కట్లెట్లే కావాలంటే మాత్రం ముందు రోజు ఉప్పు లేకుండా ఒత్తి పెట్టుకుని, సాయంత్రం పనుల నుంచి వచ్చాక ఉప్పు చల్లి వేయించుకోవడమే అన్నిటికన్నా రుచి. ఒక్కో వైపు నాలుగైదు నిమిషాల పని.